పదకొండూ ఎనిమిదికి ఆ కుర్చీలో ఎవరు?

మూడూ పదికి స్టెనోగారు మీటింగ్ గదిలోకి అడుగుపెట్టారు. సాయంత్రం ఐదింటికి పోలీసులు వస్తారు. అంటే ఆయన చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు.

డిటెక్టివ్ పనిలోకి దిగి ఇరవై ఆరేళ్ళయినా ఆయన్ని అందరూ ఇప్పటికీ స్టెనోగారనే పిలుస్తారు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆయన ఈ లిఫ్టుల కంపెనీలోనే, ఈ గదిలోనే కూర్చుని షార్ట్‌హ్యాండ్‌లో మినిట్స్ రాశారు మరి. అప్పటి కుర్చీలు లేవు, గోడ నిండా తెర వెలిసింది, పొడుగాటి బల్ల మాత్రం అదే. బల్ల అంచున తన బ్లేడు జారి పడిన గాటు మీద వేలు పెట్టి చూసుకున్నారు. అమ్మేసిన ఇంటిని మళ్ళీ చూడ్డానికి వచ్చినట్టు సంతోషమూ దిగులూ ఒక్కసారే కలిగాయి. పనిమీద వచ్చి బల్లలు నిమురుతూ కూర్చోవడమేమిటని తనను తనే కసురుకున్నారు.

ఎదురుగా సేఫ్టీ ఇంజనీరు కూర్చుని ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పన్నెండు రోజులుగా కంటిమీద కునుకు లేక ఇంకో పదేళ్ళు మీద పడ్డట్టుంది. ఆమె తండ్రి ఒకప్పుడు ఇక్కడ ఫోర్‌మన్‌, స్టెనోగారికి ప్రాణస్నేహితుడు. ఆ చనువుతోనే ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది, ఈ కేసు చూడమని పిలిచిందీ ఆ చనువుతోనే.

"రెండు జతల బట్టలు సర్దుకోమన్నాడు బాబాయ్ ఇన్‌స్పెక్టరు. మర్యాదగానే చెప్పాడు."

"బట్టల సంగతి తర్వాత. జరిగింది మొదట్నించి ఇంకోసారి చెప్పు."

"ఏముంది? పన్నెండు రోజుల కిందట ఏడంతస్తుల బిల్డింగులో మనం మెయింటెనెన్స్ చూసే లిఫ్టు ఇనుప రోపులు తెగి పడిపోయింది. లోపల మన మెకానిక్ ఉన్నాడు. పోయాడు. ఆ రోపులు మార్చాలని ఫైలు పెట్టింది నేనే. కానీ అంతకు రెండు వారాల ముందు, మంగళవారం మీటింగులో, ఆ పని మూడు నెలలు వాయిదా వేద్దామన్నది కూడా నేనేనట."

"అట ఏమిటి? అన్నావా, అన్లేదా?"



"గుర్తులేదు బాబాయ్. అన్లేదనే అనుకుంటున్నాను. కానీ నోట్స్‌లో ఉంది. వారానికి పదకొండు మీటింగులు. ఎలాగూ రాతమ్మ రాస్తుంది కదా అని మేం గుర్తుపెట్టుకోవడం మానేశాం. ఇప్పుడు ఆ నోట్స్ చదివి చదివి, నేనే అన్నానేమో అని నాకే అనిపిస్తోంది."

రాతమ్మ అంటే మనిషి కాదు. కంపెనీవాళ్ళు రెండేళ్ళ కిందట పెట్టుకున్న ఏఐ సహాయకి. మీటింగు మొదలైన దగ్గర్నుంచి ఎవరు ఏ నిమిషంలో ఏమన్నారో రాసుకుంటూ పోతుంది. చివర్లో నిర్ణయాలేమిటో, ఎవరి పని ఏమిటో తేల్చి పట్టీ వేస్తుంది. దాని ఇంగ్లీషు పేరు ఎవరి నోటా సరిగ్గా తిరక్క ఆఫీసువాళ్ళు రాతమ్మను చేసేశారు. తన పాత ఉద్యోగం ఈ రాతమ్మకు పోయిందన్నమాట అని స్టెనోగారు మొన్ననే నవ్వుకున్నారు. ఇవాళ మాత్రం ఆయనకు నవ్వు రాలేదు. సొంత మాటను తనే నమ్మలేని స్థితికి వచ్చిందా పిల్ల.

అప్పుడే తలుపు తట్టకుండా డేటా డాక్టరు లోపలికి వచ్చాడు. కంప్యూటర్ సాక్ష్యాలు చూడ్డానికి కంపెనీ పెట్టుకున్న నిపుణుడు. పదిహేనేళ్ళ కిందట స్టెనోగారి స్కూటర్ వెనక కూర్చుని ఆరేళ్ళపాటు పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు సూటు, చేతిలో పలచటి లాప్‌టాప్.

"గురువుగారూ, ఇంకా ఆ నోటుబుక్కేనా? మ్యూజియంవాళ్ళు అడగడం లేదా దాన్ని?"

"అడిగారు. నిన్ను కూడా కలిపి ఇమ్మన్నారు. నేనే ఒప్పుకోలేదు. కూర్చో."

డేటా డాక్టరు కూర్చోలేదు. నిలబడే గోడ మీది తెర వెలిగించాడు.

"మీ టైము నా టైము ఎందుకు వృథా? చూడండి. పదకొండూ ఎనిమిది. సేఫ్టీ ఇంజనీరు: 'రోపుల పని మూడు నెలల తర్వాత చూద్దాం. అంతవరకు లిఫ్టు నడవనివ్వండి.' అదే రోజు ఒంటిగంటా ఇరవైకి నోట్స్ కింద మేడమ్ గారి టిక్కు. చదివాను, ఒప్పుకుంటున్నాను అని. ఇంకేం కావాలి?"

"గొంతు వినిపించు."

"గొంతు ఏడు రోజులే ఉంటుంది. తర్వాత చెరిగిపోతుంది. రాతే మిగులుతుంది. ఆ రాత అబద్ధమాడదు గురువుగారూ. దానికి ఆశ లేదు, భయం లేదు, బావమరిది లేడు."

"అబద్ధమాడదు, ఒప్పుకున్నాను. పొరపాటు పడొచ్చు కదా? నేనూ పడేవాణ్ణి. అందుకే తర్వాతి మీటింగులో మొట్టమొదట పాత మినిట్స్ పైకి చదివేవాణ్ణి. గిట్టనివాళ్ళు అక్కడికక్కడే దెబ్బలాడేవాళ్ళు." ఆయన సేఫ్టీ ఇంజనీరు వైపు తిరిగారు. "మీ నాన్న ఒకసారి ఒక్క వాక్యం మీద అరగంట కూర్చోబెట్టాడమ్మా మమ్మల్ని. 'నేను చూస్తానన్నాను గానీ చేస్తానన్లేదు స్టెనోగారూ, కొట్టెయ్యండి' అని. కొట్టేసేదాకా ఎవర్నీ లేవనివ్వలేదు."

ఆమె ముఖం మీద ఆ రోజుకు మొదటిసారి నవ్వు లాంటిది కనిపించింది. ఆ ఫోర్‌మన్ ఉండి ఉంటే ఈ గదిని ఎలా కలయబెట్టేవాడో స్టెనోగారు తలచుకున్నారు.

ఆ మంగళవారం మీటింగులో ఉన్నది ముగ్గురే. జీఎం, పర్చేజ్ మేనేజరు, ఈమె. జీఎం ఇందాక గుమ్మం దగ్గర స్వయంగా ఎదురొచ్చి, గది మీదే, ఎంతసేపైనా వాడుకోండని చిరునవ్వుతో చెప్పి వెళ్ళాడు. పర్చేజ్ మేనేజరు మూడున్నరకు వచ్చి తలుపు దగ్గర కుర్చీలో ఒక అంచుకు కూర్చున్నాడు.

"ఆ రోజు ఎక్కడ కూర్చున్నారు మీరు?" అన్నారు స్టెనోగారు.

"ఇక్కడే."

"జీఎం గారు?"

"తెర కింద. మేడమ్ కిటికీ వైపు."

"రోపుల పని వాయిదా వేద్దామన్నది ఎవరు?"

"మేడమే. నోట్స్‌లో ఉంది కదండీ."

"నోట్స్ నేను చదువుకుంటాను. మీ చెవులతో విన్నది చెప్పండి."

"విన్నాను. మేడమే."

"అంటున్నప్పుడు ఎవరివైపు చూసింది?"

"జీఎం గారివైపు అనుకుంటా."

"మీటింగు అయ్యేదాకా గదిలోనే ఉందా?"

"ఉన్నారు. పదీ నలభై నుంచి పదకొండున్నర దాకా."

"ఒక్క నిమిషం కూడా బయటికి వెళ్ళలేదు?"

"లేదండీ. కుర్చీలోంచి లేవలేదు."

స్టెనోగారి పెన్సిల్ కాగితం మీద చీమల బారులా పరిగెత్తింది. రాసింది మొత్తం పైకి చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని అడిగి, సంతకం చేయించుకున్నారు. పర్చేజ్ మేనేజరు బతికిపోయాననుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన బయటికి వెళ్ళి తలుపు పడేదాకా ఆగి స్టెనోగారు నోటుబుక్కులో ఇంకో పేజీ తీశారు.

"పొద్దున మెకానిక్ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య అతని ఫోన్ చూపించింది. ఆ మంగళవారం పదకొండూ ఐదుకి నీకు ఫోన్ చేశాడమ్మా అతను. ఏడు నిమిషాలకు పైగా మాట్లాడారు. అంటే పదకొండూ పన్నెండు దాటాక పెట్టేశారు."

సేఫ్టీ ఇంజనీరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. రోజుకు ఇరవై మంది మెకానిక్‌లు ఫోన్ చేస్తారు ఆమెకు. ఆ ఇరవైలోంచి ఆ ఒక్కటీ ఇప్పుడు పైకి తేలింది.

"రోపులో తీగలు తెగి పైకి లేస్తున్నాయి మేడమ్, చెయ్యి వేస్తే గుచ్చుకుంటున్నాయి అన్నాడు. ఈ గదిలో సరిగ్గా వినబడదని వరండాలోకి వెళ్ళాను. ఇవాళే మీటింగులో తేలుస్తున్నాం, నువ్వు జాగ్రత్త అని చెప్పాను."

"వరండాలోకి వెళ్ళానని ఆవిడ అంటున్నారు," అన్నాడు డేటా డాక్టరు. "ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇక్కడే కూర్చుని, మధ్యలో వీళ్ళతో ఒక మాట అని ఉండొచ్చు."

"ఉండొచ్చు. అయితే ఆ ఏడు నిమిషాల్లో రాతమ్మ ఇంకేం రాసిందో చదువు. పట్టీ కాదు, దాని వెనకున్న మాటలు."

డేటా డాక్టరు విసుగ్గానే పేజీ జరిపి చదివాడు. పదకొండూ ఆరు, జీఎం: ఆ బిల్డింగువాళ్ళు ఇప్పుడు లిఫ్టు ఆపనివ్వరు, ఆపితే కాంట్రాక్టు వేరేవాళ్ళకి ఇస్తామంటున్నారు. పదకొండూ ఏడు, పర్చేజ్ మేనేజరు: రోపులు రావడానికి ఎలాగూ ఆరు వారాలు పడుతుంది. పదకొండూ ఎనిమిది, సేఫ్టీ ఇంజనీరు, ఆ మాట. పదకొండూ తొమ్మిది, పర్చేజ్ మేనేజరు: అలాగేనండి. పదకొండూ పది, పర్చేజ్ మేనేజరు, దగ్గు. పదకొండూ పదమూడు, సేఫ్టీ ఇంజనీరు: సారీ, రోపుల సంగతి ఏమైంది? జీఎం: అది అయిపోయింది, తర్వాతది చూద్దాం.

చివరి రెండు ముక్కలు చదివేసరికి డేటా డాక్టరు గొంతులో జోరు తగ్గింది.

"దగ్గు కూడా వదలని మహాతల్లి," అన్నారు స్టెనోగారు, "ఏడు నిమిషాల ఫోన్‌లో ఈ అమ్మాయి అన్న ఒక్క హలో అయినా రాయలేదేం? తనే వాయిదా వేయించిన పని ఏమైందని ఐదు నిమిషాలు తిరక్కుండా తనే ఎందుకు అడుగుతుంది? కాగితం మొత్తం చదవాలని ఆరేళ్ళు మొత్తుకున్నాను నీకు."

డేటా డాక్టరు ముఖం ఎర్రబడింది. "మరి రాతమ్మ ఈవిడ పేరు ఎందుకు వేసింది?"

"అది నువ్వే చెప్పాలి. మనిషిని అది ఎలా గుర్తుపడుతుంది?"

"గొంతు నేర్పితే గొంతుతో. ఒక్కొక్కరూ పావుగంట చదివి వినిపించాలి దానికి. ఇక్కడ ఎవరూ..." అతను ఆగాడు. "ఇక్కడ ఎవరికీ తీరికలేక నేర్పలేదు. ఎవరి లాప్‌టాప్‌కి మాట దగ్గరగా వినబడితే వాళ్ళ పేరు వేస్తుంది."

"అంటే మనిషికి కాదు, కుర్చీకి వేస్తుంది. అమ్మాయ్, ఆ రోజు ఉన్నట్టే నీ లాప్‌టాప్ తెరిచి పెట్టు."

ఆమె కిటికీ వైపు తన చోట లాప్‌టాప్ పెట్టి మంగళవారం మీటింగు పేజీ తెరిచింది. మూలన ఎర్రచుక్క వెలిగింది. స్టెనోగారు ఆమె కుర్చీలో కూర్చుని, బొంగురు గొంతుతో, "నాకు అరవై ఒక్క ఏళ్ళు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి," అన్నారు.

తెర మీద అక్షరాలు పడ్డాయి. సేఫ్టీ ఇంజనీరు: నాకు అరవై ఒక్క ఏళ్ళు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

ఆమె పకాలున నవ్వేసింది, ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. డేటా డాక్టరు నవ్వలేదు.

"ఒప్పుకున్నాను, ఇలా జరగడానికి వీలుంది. వీలున్నదల్లా జరిగినట్టు కాదు కదా. ఆవిడ బయట ఉంటే లోపల మిగిలింది ఇద్దరు. ఒకాయన సంతకం పెట్టి మరీ అబద్ధమాడాడు. రెండో ఆయన జీఎం. ఆ కుర్చీలో ఫలానావాడు కూర్చున్నాడని కళ్ళారా చూసి చెప్పే మనిషి లేకపోతే ఇన్‌స్పెక్టరు మీ మాట వినడు."

"మీటింగులో ఎప్పుడూ ఇంకో మనిషి ఉంటారు," అన్నారు స్టెనోగారు. "నేనూ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా వాళ్ళ పేరు రాయలేదు. హాజరైనవాళ్ళు అనే చోట కూర్చున్నవాళ్ళనే రాసేవాళ్ళం, నిలబడ్డవాళ్ళని కాదు. నీళ్ళు పెట్టేవాళ్ళెవరమ్మా ఇక్కడ?"

నాలుగూ ఐదుకి అటెండరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, నడుము మీద చెయ్యి. గుమ్మంలోనే ఆగిపోయి స్టెనోగారిని కిందినుంచి పైదాకా చూసింది.

"మీరా బాబూ? నన్ను గుర్తుపట్టారా? నేను పనిలో చేరిన కొత్తల్లో మీ కుర్చీ కింద పెన్సిల్ పొట్టు ఊడ్చేదాన్ని. రోజూ తిట్టుకునేదాన్ని మిమ్మల్ని."

"నాకు తెలుసు. ఒకరోజు వినబడింది కూడా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఒక్క నిమిషం గదిలో పాత రోజులు తిరుగాడాయి. వాటిని పంపడం ఇష్టంలేకపోయినా స్టెనోగారు గడియారం చూసి అసలు సంగతి అడిగారు. ఆమె తలుపు వైపు చూసి, కిటికీ పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"నేను చెప్పానని రాయకండి బాబూ. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది."

స్టెనోగారు నోటుబుక్కు మూసేశారు.

"ఆ రోజు నేను నీళ్ళ సీసాలు తెచ్చేసరికి మేడమ్ వరండాలో ఫోన్‌లో ఉన్నారు. లోపల జీఎం గారు మేడమ్ కుర్చీలో కూర్చున్నారు. ఆ కంప్యూటర్ మీదికి వంగి, మూడు నెలలు అని ఏదో చెప్పారు. మనిషితో అన్నట్టు లేదు, దానికి అప్పజెప్పినట్టుంది. చెప్పేసి లేచి తన చోటికి పోయారు. పర్చేజ్ ఆయన తల ఎత్తలేదు."

"ఇది ఇన్‌స్పెక్టరుకి చెబుతావా? నువ్వు చెప్పకపోతే ఈ అమ్మాయి జైలుకి పోతుంది. నిన్ను బలవంతపెట్టను."

అటెండరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "పోయిన ఆ మెకానిక్ లేడూ, నా నడుము బాగాలేదని నీళ్ళ డబ్బాలు రోజూ తనే పైకి మోసుకొచ్చేవాడు. సొంత తమ్ముడు కూడా అంత చెయ్యడు. చెబుతాను. ఐదింటికి కదా? కింద స్టోరు గదిలో ఉంటాను, పిలిపించండి."

ఆమె వెళ్ళాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డేటా డాక్టరు కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఎట్టకేలకు కూర్చున్నాడు.

"నీళ్ళు పెట్టేవాళ్ళని అడగాలని నాకు తట్టనే లేదు గురువుగారూ. స్కూటర్ మీద తిరిగిన రోజుల్లో అయితే ముందు వాళ్ళనే అడిగేవాణ్ణి. ఆ స్కూటర్ ఉందా ఇంకా?"

"ఉంది. కదలదు. తుడుస్తుంటాను."

సేఫ్టీ ఇంజనీరు వాళ్ళ మాటలు వినడం లేదు. "నేను ఒక్క నిమిషం ఆ నోట్స్ చదివుంటే అతను బతికేవాడు బాబాయ్. ఇంకో సైటులో పనిమీద నిలబడి, చదవకుండా టిక్కు కొట్టేశాను. రోజూ అందరం అలాగే కొడతాం."

కాదని చెప్పి ఓదార్చడం స్టెనోగారికి చిటికెలో పని. ఫోర్‌మన్ కూతురికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నిజమేనమ్మా. ఆ బరువు నువ్వే మొయ్యాలి. కానీ చెయ్యని నేరం కూడా మొయ్యాలని ఎక్కడా లేదు."

"గురువుగారూ," అన్నాడు డేటా డాక్టరు. అతని గొంతు మారిపోయింది.

అతను చూస్తున్న వైపు స్టెనోగారూ చూశారు. ఆమె లాప్‌టాప్ మూలన ఎర్రచుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. పరీక్ష అయ్యాక దాన్ని ఆపాలని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. తెర మీద బారెడు రాత. అంతా సేఫ్టీ ఇంజనీరు పేరు కిందే ఉంది. మోకాళ్ళు, పెన్సిల్ పొట్టు, నీళ్ళ సీసాలు, వరండా, జీఎం గారు మేడమ్ కుర్చీలో. ఒక్క ముక్క పోలేదు. నేను చెప్పానని రాయకండి బాబూ అన్నది కూడా రాసి ఉంది.

ఎదుటివాళ్ళు గొంతు తగ్గిస్తే పెన్సిల్ దానంతటదే కింద పెట్టేసే చెయ్యి స్టెనోగారిది. తొమ్మిదేళ్ళ రాతలో, ఇరవై ఆరేళ్ళ పరిశోధనలో, ఎవరు నమ్మి చెప్పిన మాటా ఆయన చేతిలోంచి బయటికి పోలేదు. ఇవాళ నోటుబుక్కు మూయగానే అంతా మూసేశాననుకున్నారు.

"ఇది ఎవరెవరికి వెళ్ళింది?"

"మంగళవారం మీటింగు పేజీ కదా," అంది సేఫ్టీ ఇంజనీరు, పాలిపోయిన ముఖంతో. "రాస్తుండగానే మా ముగ్గురికీ కనబడుతుంది. నాకూ, పర్చేజ్ ఆయనకీ, జీఎం గారికీ."

డేటా డాక్టరు పేజీ కిందికి జరిపాడు. మాటలు ఆగి కాసేపవగానే రాతమ్మ తన పద్ధతి ప్రకారం పట్టీ వేసేసింది. చేయవలసిన పనులు, ఒకటి: నీళ్ళ సీసాలు తెచ్చే ఆవిడ ఐదింటికి ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. అప్పటివరకు కింద స్టోరు గదిలో ఉంటారు. బాధ్యత: ఇంకా ఎవరికీ అప్పగించలేదు.

వాళ్ళు చూస్తుండగానే ఆ చివరి ముక్క చెరిగిపోయి, దాని చోట ఇంకోటి పడింది.

బాధ్యత: జీఎం. నాలుగూ ఇరవై ఒకటి.

"మనం చూస్తున్నామని తెలిసే పెట్టాడు," అన్నాడు డేటా డాక్టరు, కుర్చీ తోసుకుని లేస్తూ. "స్టోరు గదిలో ఫోన్ ఉందా?"

"లేదు," అంది సేఫ్టీ ఇంజనీరు.

ఆ మాట వినడానికి స్టెనోగారు గదిలో లేరు. అప్పటికే మెట్లు దిగుతున్నారు.